నొప్పి కాగితం

నా ఎడమ మోకాలి సంగతి మా ఆవిడకు కూడా చాలా ఏళ్లు సరిగ్గా చెప్పలేదు నేను. మెట్లు దిగేటప్పుడు గోడ ఎందుకు పట్టుకుంటావని ఆమె అడిగితే, మెట్లు వంకరగా కట్టాడని ఇంటి ఓనర్ని తిట్టేవాణ్ణి. అలాంటి సంగతిని, పరిచయమై నెల కూడా కాని ఒక మనిషికి నా చేత్తో రాసిచ్చాను. ఒక రోజు కాదు, సీజనంతా, తేదీ వేసి మరీ. ఇప్పుడు ఎవరైనా నన్ను తెలివైనవాడు అంటే, ఎగతాళి చేస్తున్నారేమోనని వాళ్ల మొహంలోకి చూస్తాను.

నేను ఫుట్‌బాల్ ఆడి బతికినవాణ్ణి. హైదరాబాదులో ఈ మాట చెబితే ఎవరైనా రెండోసారి అడుగుతారు, అదే పనా, ఇంకేం చేయవా అని. అదే పని. మా నాన్న నల్లగొండ దగ్గర పల్లె నుంచి వచ్చి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో హమాలీగా చేశాడు. తర్వాత మార్కెట్ ఊరి అవతలికి తరలిపోయింది, మేం మాత్రం అదే గల్లీలో ఉండిపోయాం. నా పనిని ఆయన "బంతి నౌకరీ" అనేవాడు. నాకు పిల్లను చూడటానికి వెళ్లినప్పుడు కూడా అదే చెప్పాడు, ఏ మాత్రం సిగ్గుపడకుండా.

మా క్లబ్బు పెద్దదేం కాదు. దేశంలో అందరూ టీవీలో చూసే లీగుకు ఒక మెట్టు కింద ఆడేది. అయినా నెలనెలా జీతం, చేతిలో కాంట్రాక్ట్ ఉండేవి. నేను స్టాపర్‌ని, అంటే మా గోల్ ముందు నిలబడి అవతలివాణ్ణి అడ్డుకునేవాణ్ణి. ఐదేళ్లుగా క్యాప్టెన్‌ని కూడా. ఆ ఏడాది నాకు ముప్పై రెండు నిండాయి, సీజన్ చివరికి కాంట్రాక్ట్ అయిపోతుంది. ఆ వయసులో సొంత క్లబ్బు వదిలేస్తే ఇంకో క్లబ్బు తలుపు తీయదు. మరో రెండేళ్లు రాసిస్తే ఆడతాను, లేకపోతే నా ఆట అక్కడితో అయిపోయినట్టే. ఆ సీజనంతా నా కళ్ల ముందు ఉన్నది ఈ ఒక్క విషయమే.

గ్రౌండు తుర్కయంజాల్ దాటాక సాగర్ రోడ్డు పక్కన ఉండేది. ఆ భూమి మా క్లబ్బు ఓనర్‌ది. వాళ్ల తాతల నాటి పొలాలన్నీ ప్లాట్లయిపోగా ఈ ఒక్క ముక్క ఏదో కోర్టు తకరారులో పడి మిగిలిందని, ఖాళీగా ఎందుకు ఉంచాలని క్లబ్బు పెట్టాడని మేం నవ్వుకునేవాళ్లం. పొద్దున ఎల్బీ నగర్ మెట్రో స్టేషన్ కింద మమ్మల్ని ఎక్కించుకోవడానికి వ్యాన్ వచ్చేది. ఐదున్నర టైము. అది పేరుకే. అందరూ వచ్చేసరికి ఆరూ పదో, ఆరుంబావో అయ్యేది.

పాత కోచ్ మంచి మనిషి, అంటే మమ్మల్ని ఏమీ అనని మనిషి. మా స్ట్రైకర్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేవాడు. గోల్స్ కొట్టేది అతనే కాబట్టి వ్యాన్ అతని గల్లీ చివరిదాకా వెళ్లి హారన్ కొట్టి మరీ తెచ్చుకునేది. రేపు మ్యాచ్ ఉందంటే ఇవాళ సగం జట్టు బిర్యానీకి పోయేది. క్యాప్టెన్‌గా నేను అరిచేవాణ్ణి. నా అరుపుకు గ్రౌండు పక్కన మేసే బర్రెలైనా తలెత్తి చూసేవి, మావాళ్లు చూసేవాళ్లు కాదు. అందరికంటే ముందొచ్చి ఒక్కణ్ణే ఉరికే నన్ను చూసి "అన్నకు ఇంట్ల పని లేదు" అని జోకులేసేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. పనిని పనిలా చేసేవాడు ఒక్కడైనా పైన ఉంటే ఈ జట్టు ఎక్కడో ఉంటుందని నా నమ్మకం.

అలాంటి సమయంలో కొత్త కోచ్ వచ్చాడు. కృష్ణా జిల్లా మనిషి, వనస్థలిపురంలో స్థిరపడి చాలా ఏళ్లయింది. సన్నగా, తెల్ల టోపీతో, గొంతు ఎప్పుడూ పెంచకుండా ఉండేవాడు. మాలో చిన్నవాణ్ణి కూడా "మీరు" అనేవాడు. మా బతుకుల్లో "అరేయ్" అనని కోచ్‌ను చూడటం అదే మొదలు.

ఇక వ్యాన్ ఎవరి గల్లీకీ పోదని, అందరూ మెట్రో స్టేషన్ కిందికే రావాలని ముందురోజే కబురు పంపాడు. మొదటి రోజు ఐదున్నరకు ఆయన వ్యాన్‌లో ముందు సీట్లో కూర్చుని వాచీ చూశాడు.

"పోనివ్వండి" అన్నాడు డ్రైవర్‌తో.

"సార్, స్ట్రైకర్ రాలే. గా మూల మీద కనవడుతుండు చూడుండ్రి, ఉరికొస్తుండు."

"వస్తున్నారు, ఇంకా రాలేదు. పోనివ్వండి."

వ్యాన్ కదిలింది. వెనక అద్దంలోంచి చూస్తే స్ట్రైకర్ చేతిలో ఇడ్లీ పొట్లంతో రోడ్డు మధ్యలో నిలబడిపోయి ఉన్నాడు. నాకైతే ఆ క్షణాన ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది. స్ట్రైకర్ ఆటో కట్టించుకుని గ్రౌండుకు వచ్చేసరికి ప్రాక్టీస్ మొదలైంది. "గుడ్ మార్నింగండీ. ఇవాళ మీరు కూర్చుని చూడండి" అన్నాడు కోచ్, నవ్వుతూనే. మర్నాటి నుంచి ఐదూ ఇరవైకే వ్యాన్ నిండిపోయేది.

నెల తిరక్కుండా అన్నీ మారిపోయాయి. ఫోన్లన్నీ ఒక సంచిలో పడేవి. ఎవరి బూట్లు వాళ్లే తుడుచుకోవాలి. ప్రాక్టీస్ అయ్యాక గ్రౌండులో పెట్టిన కోన్లన్నీ అందరం కలిసి ఏరాలి, కోచ్‌తో సహా. తినేది కూడా అందరం ఒక్కచోటే, గుడ్లు, జొన్నరొట్టె. నేనైతే ఆయన్ని నెత్తిన పెట్టుకున్నాను. ఇంట్లో కూడా ఆయన గురించే. మా ఆవిడ విసుక్కుని ఒకరోజు అననే అంది: "పొద్దుగాల లేస్తే సారు, బువ్వ తినేటప్పుడు సారు. నన్నెందుకు జేస్కున్నవ్, గా సారునే చేస్కోకపోయినవ్!"

ఇక కాగితం సంగతి. వ్యాన్ ఎక్కగానే ఒక అట్ట మీద క్లిప్పు పెట్టిన కాగితం చేతులు మారుతూ వచ్చేది. ఒక్కో ఆటగాడికి ఒక్కో వరుస. ఎన్ని గంటలు నిద్రపోయావు, ఒంట్లో అలసట ఎంత, నొప్పి ఎక్కడ, ఎంత. నొప్పికి సున్నా నుంచి పది దాకా అంకె వేయాలి. కింద సంతకం. చివరికి అది కోచ్‌కూ, మా దెబ్బలూ నొప్పులూ చూసే ఫిజియోకూ చేరేది.

మాలో నొప్పి అనేది బయటికి చెప్పే మాట కాదు. నొప్పి అన్నవాడు కూర్చుంటాడు, అతని చోట్లో ఇంకొకడు ఆడతాడు, వాడు బాగా ఆడాడంటే ఆ చోటు ఇక వాడిదే. అందుకే మాత్ర సాక్సులో ఉండేది, స్ప్రే బాత్రూంలో కొట్టుకునేవాళ్లం, పట్టీ మీద పొడుగు మేజోళ్లు వేసుకునేవాళ్లం. ఒకడి నొప్పి ఇంకొకడు బయటపెట్టకూడదు. ఇది ఎవరూ నేర్పని పద్ధతి, కానీ దాన్ని తప్పినవాడు నాకు తెలిసి లేడు.

ఈ పద్ధతిలో అందరికంటే పెద్ద సంగతి మా గోల్‌కీపర్‌ది. ఎల్బీ నగర్‌లోనే ఉండేవాడు, వాళ్లదీ నల్లగొండే, పక్క మండలం. నాకంటే ఐదేళ్లు చిన్న, పదకొండేళ్ల పరిచయం, పెళ్లయింది, నన్ను అన్నా అనేవాడు, నేను తమ్మీ అనేవాణ్ణి. అతనికి కుడి భుజం జారేది. దూకి బంతి పట్టినప్పుడు ఎప్పుడైనా జారితే, గోల్‌పోస్టుకు ఆనుకుని, బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగి, తనే సర్దుకునేవాడు. ఆ కాసేపూ నేను రిఫరీ ముందుకు వెళ్లి ఏదో ఒక గొడవ పెట్టుకునేవాణ్ణి, అటు చూడకుండా. అలా రెండుసార్లు పసుపు కార్డు కూడా తిన్నాను. ఈ సంగతి నాకూ అతనికీ తప్ప మూడో మనిషికి తెలియదు.

అలాంటి వాళ్లం కాగితం మీద నిజం రాస్తామా? మొదటివాడు నిద్ర ఎనిమిది, అలసట ఒకటి, నొప్పి సున్నా అని రాస్తే, కింద అందరం అవే అంకెలు దించాం. వారం చూశాడు కోచ్. ఎనిమిదో రోజు కాగితం ఎత్తి చూపిస్తూ, "ఇరవైమంది మోకాళ్లనూ ఒకే అచ్చులో పోశారా అండీ? నా కాళ్లు కూడా మీ దాంట్లో కలుపుకోండి, నాకూ సున్నా వస్తుంది" అన్నాడు. అందరం నవ్వాం. రాతలు మారలేదు.

ఆ శనివారం ప్రాక్టీస్ అయ్యాక నన్ను పక్కకు పిలిచి, గట్టు మీద కూర్చోబెట్టి, ట్రాక్‌ప్యాంటు పైకి లాగి మడమ చూపించాడు. ఆపరేషన్ మచ్చ, ఒకటి కాదు, మూడు. తన రోజుల్లో నొప్పి దాచుకుని సూదులు వేయించుకుంటూ ఆడాడట. ఇరవై ఆరేళ్లకు ఆట పోయింది.

"నేను అబద్ధం చెప్పి పోగొట్టుకున్నానండీ. మీరు నిజం చెప్పి నిలబెట్టుకోండి. మీరు క్యాప్టెన్, మీరు రాస్తే వాళ్లూ రాస్తారు. ఈ కాగితం నేను చూస్తాను, ఫిజియో చూస్తాడు. ఇంకెవరూ చూడరు. నా మాట."

ఆ మచ్చలు నిజమైనవే. ఇప్పటికీ నాకు అర్థంకానిది అదే. అబద్ధాలకోరు అయితే ఏదో ఒక చోట పట్టుకునేవాణ్ణి. ఆయన ఆ రోజు చెప్పింది మనసులోంచే చెప్పాడని నేను ఇప్పుడు కూడా కొట్టిపారేయలేను.

సోమవారం వ్యాన్‌లో రాశాను. ఎడమ మోకాలు, ఐదు. పక్కనున్నవాడు తొంగిచూసి, "ఏందన్నా, తాగినవా?" అన్నాడు. కోచ్ ఆ రోజు నన్ను ఉరకనివ్వలేదు, ఫిజియోతో సైకిల్ తొక్కించాడు, మోకాలికి ఏవో వ్యాయామాలు చేయించాడు. నా చోటు ఎక్కడికీ పోలేదు. శనివారం మ్యాచ్‌లో నేనే ఆడాను, బాగా ఆడాను. రెండు వారాలకు ఐదు కాస్తా మూడయింది. పదేళ్లలో మొదటిసారి మాత్ర లేకుండా మ్యాచ్ ఆడినప్పుడు ఇంటికొచ్చి మా ఆవిడకు మోకాలి సంగతంతా చెప్పేశాను. కాసేపు ఏడ్చింది, తర్వాత తిట్టింది.

దాంతో జట్టంతా రాయడం మొదలుపెట్టింది. గజ్జల్లో పట్టేసిందని ఒకడు, నడుమని ఒకడు, బొటనవేలి గోరని ఒకడు. వ్యాన్ కాస్తా దవాఖాన వార్డయిపోయింది. ఒక్క స్ట్రైకర్ మాత్రం సున్నాలే వేసేవాడు. అతని తొడ కండరం సంగతి నాకు తెలుసు. కొత్తపేటలో ఒక క్లినిక్‌కు ఒకసారి నేనే బైకు మీద తీసుకెళ్లాను. మ్యాచ్ ముందురోజు సూది వేయించుకునేవాడు. ఏంది తమ్మీ ఇది అంటే, "నాకేమైందన్నా, ఉక్కు లెక్కున్న" అని తొడ చరిచేవాడు.

కీపర్ కూడా చాలా రోజులు రాయలేదు. అతని వెంట నేనే పడ్డాను. వ్యాన్ కదిలే ముందు దొరికే ఆ పది నిమిషాలూ మెట్రో పిల్లర్ పక్కన చాయ్ తాగుతూ అదే పాట.

"అన్నా, రాస్తే నా పని ఖతం. కీపర్‌కు భుజం పోయిందంటే ఇంకేమున్నది?"

"ఎవరు జెప్పిన్రు? నేను రాస్తలేనా? నాకేమైంది? ఉల్టా మంచిగైంది."

"నువ్వు క్యాప్టెన్‌వి. నీకేం గాదు."

"సారు మాటిచ్చిండు. ఇద్దరే చూస్తరు. గా మాట తప్పితే వచ్చి నన్నడుగు."

అతను చాయ్ గ్లాసు పక్కన పెట్టి వ్యాన్ ఎక్కాడు. మర్నాడు కాగితం నా దగ్గరికి వచ్చేసరికి అతని వరుసలో రాసి ఉంది: కుడి భుజం, ఆరు. దిగేటప్పుడు కోచ్ నా వీపు తట్టి, "మీవల్లే అండీ" అన్నాడు. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తోంది. ఫిజియో కీపర్ భుజానికి రబ్బరు పట్టీతో కసరత్తులు నేర్పాడు. సీజన్ రెండో సగంలో అది ఒక్కసారి కూడా జారలేదు. మా జట్టు అంతకుముందు ఎప్పుడూ రానంత పైకి వచ్చింది. చివరి మ్యాచ్ గెలిచాక కీపర్ నన్ను ఎత్తుకుని తిప్పాడు, రెండు చేతులతో.

వారం తర్వాత కాంట్రాక్ట్ మాటలకు పిలిచారు. ఓనర్ ఆఫీసు దిల్‌సుఖ్‌నగర్ మెయిన్‌రోడ్డు మీద, రెండో అంతస్తులో. కింద అంతస్తులో కోచింగ్ సెంటర్, మెట్ల నిండా పిల్లలు, వాళ్ల బ్యాగులు. మధ్యాహ్నం మూడింటికి నాది, తర్వాత కీపర్‌ది. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకోలేదు.

లోపల ఓనర్, పక్కన కోచ్. కోచ్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని ఉన్నాడు.

"కూసో క్యాప్టెన్. చాయ్ తాగుతవా?" అన్నాడు ఓనర్. మంచిగానే అన్నాడు. ఆయనెప్పుడూ మాతో చెడ్డగా మాట్లాడలేదు. చాయ్ వచ్చింది. ఆయన నా ముందుకు ఒక పుస్తకం జరిపాడు. పక్కన తీగ చుట్టి బైండు చేసిన లావుపాటి పుస్తకం. తెరిస్తే అవి మా కాగితాలే, జిరాక్సులు. నా వరుస మీద మాత్రం పచ్చ రంగు పూసి ఉంది. ప్రతి పేజీలోనూ.

"గిది నీ రాతనే గదా?"

"నాదే సార్."

"సీజన్ మొత్తం మోకాలు, మోకాలు, మోకాలు. గీ మోకాలుకు రెండేండ్లు ఎట్ల రాసియ్యాలె, నువ్వే జెప్పు. నేను ప్లాటు కొన్నా కాయితాలు చూసే కొంట. నాకు ఆట తెల్వదు, కాయితం తెలుస్తది."

కోచ్ వైపు చూశాను. ఏదో ఒకటి అంటాడని. ఈ మోకాలు ఐదు నుంచి మూడుకు, మూడు నుంచి ఒకటికి వచ్చిందని, చివరి పేజీలు చూడండని, ఈ మనిషి ఒక్క మ్యాచ్ కూడా వదల్లేదని. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఆయన చాలా ప్రొఫెషనలండీ. ఏదీ దాచుకోలేదు. అలాంటివాళ్లు అరుదు" అన్నాడు, నాతో కాదు, ఓనర్‌తో. అంతే.

తర్వాత ఓనర్ ఏదో చెప్పాడు. శాలువా కప్పుతామని, ఎప్పుడైనా గ్రౌండుకు రావచ్చని. స్ట్రైకర్‌కు రెండేళ్లు ఇచ్చిన సంగతి కూడా ఆయన నోటి నుంచే విన్నాను. "గా పిలగాడు చూడు, ఒక్క నొప్పి లేదు" అన్నాడు. స్ట్రైకర్ సూదుల గురించి నేను నోరు విప్పలేదు. స్నేహధర్మం అని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, నిజానికి ఆ క్షణంలో నాకు అది తట్టనే లేదు. మెట్లు సగం దిగాక తట్టింది. తట్టి ఉంటే చెప్పేసేవాణ్ణేమో, నాకు తెలియదు.

తలుపు బయట ప్లాస్టిక్ కుర్చీలో కీపర్ కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు, మొహమంతా నవ్వు.

"ఎన్నేండ్లు ఇచ్చిన్రన్నా?"

నాకు అప్పుడు అర నిమిషం ఉంది. లోపల మన కాగితాలున్నయ్, నీ భుజం ఉన్నది, చివరి పేజీలు చూడమను, ఫిజియోతో ఉత్తరం రాయించి తెస్త అను, ఇవాళ రాలేనని చెప్పి వెళ్లిపో. ఇందులో ఏ ఒక్క మాటైనా అతనికి పనికొచ్చేది. నేను ఏదీ అనలేదు. నన్ను తీసేశారని అతని ముందు ఒప్పుకోవడానికి నాకు మొహం చెల్లలేదు. అన్ని రోజులు అతని ముందు ఎన్ని కోతలు కోశానో నాకు గుర్తుంది.

"పో, నిన్నే పిలుస్తున్నరు" అన్నాను.

అతను చొక్కా సర్దుకుని లోపలికి వెళ్లాడు.

కింద కోచింగ్ సెంటర్ పిల్లల బైకుల మధ్య నిలబడ్డాను. కీపర్ ఎప్పుడు దిగి వెళ్లాడో చూడలేదు, నేను కోచ్ కోసమే చూస్తున్నాను. గంట తర్వాత దిగాడు. నన్ను చూసి తప్పించుకోలేదు. దగ్గరికే వచ్చాడు.

"మీరు మాటిచ్చిన్రు సార్. మీరు, ఫిజియో తప్ప ఎవ్వరు చూడరన్నరు."

"అన్నానండీ. ఓనర్ గారు అడిగారు. నాకైనా మీకైనా ఉద్యోగం ఆయనదే. కాగితాలు లేవని ఎలా చెప్తాను?"

"స్ట్రైకర్‌కు సున్నాలుంటే రెండేండ్లు ఇచ్చిన్రు. గా సున్నాలు అబద్ధమని మీకు తెల్వదా?"

"తెలిసింది వేరు, కాగితం మీద ఉన్నది వేరండీ."

"మరి మాతోని ఎందుకు రాయించిన్రు?"

"మీరు రాసిన దాంట్లో అబద్ధం ఏమైనా ఉందా? చెప్పండి. కీపర్ గారు రాసినదాంట్లో ఉందా? ఆయన్ని కూడా ఇందాకే ఇదే అడిగాను."

అలా తెలిసింది నాకు, కీపర్‌ను కూడా తీసేశారని.

గొంతులో కోపం కూడా లేదు ఆయనకు. అదే మెత్తదనం, అదే మర్యాద. మీలాంటి మనిషి కోచింగ్ కోర్సు చేయాలండీ, నేను సిఫార్సు రాసిస్తాను అన్నాడు. "మీరు ఇంకేం రాయకుండ్రి సార్" అన్నాను. అంతకంటే గట్టిగా ఒక్క మాట కూడా నా నోట్లోంచి రాలేదు. గ్రౌండు దద్దరిల్లేలా అరిచే మనిషిని, అక్కడ పిల్లిలా నిలబడ్డాను. చెయ్యి ఎత్తనందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను, ఎత్తి ఉంటే దానికీ తిట్టుకునేవాణ్ణి.

నన్ను మోసం చేశాడు. ఈ మాటను మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. ఆలస్యంగా వస్తాడని తీసేస్తే, తాగుతాడని తీసేస్తే, ఏడ్చి ఊరుకునేవాణ్ణి. చెప్పింది చెప్పినట్టు చేసినందుకు తీసేశారు. ఇంటికెళ్లి చెబితే మా ఆవిడ ఆయన్ని ఏమీ అనలేదు. నన్ను కూడా అనలేదు. ఆమె ఏదైనా అంటే బాగుండేది.

కీపర్ దగ్గరికి వెళ్లడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. చివరికి ఒక ఆదివారం పొద్దున ఎల్బీ నగర్‌లో వాళ్లింటికే వెళ్లాను. కిరాయి ఇల్లు, మూడో అంతస్తు. తలుపు అతని భార్య తీసింది. "రా అన్నా" అంది, కానీ పక్కకు జరగడానికి ఒక క్షణం పట్టింది. హాల్లో ఒక పెద్ద బ్యాగు సర్ది ఉంది. గోవాలో ఒక క్లబ్బు ఆడించి చూసుకోవడానికి ట్రయల్‌కు పిలిచిందట, మర్నాడే ప్రయాణం. ఏడాదిన్నర కూతురు ఆ బ్యాగు మీదెక్కి కూర్చుని ఉంది.

అతను బయటికి వచ్చాడు. నవ్వాడు. చాయ్ పెట్టమన్నాడు. ట్రయల్ గురించి, రైలు గురించి, గోవాలో వానల గురించి మాట్లాడాడు. దిల్‌సుఖ్‌నగర్ మధ్యాహ్నం గురించి ఒక్క మాట లేదు. నేనే ఎత్తుకున్నాను.

"తమ్మీ, నేను నీకు గట్ల జెప్పకుంటే..."

"ఏం జెప్పినవన్నా?" అన్నాడు, తన భార్య వైపు ఒకసారి చూసి.

"గదే, రాయమని. నాకు మస్తు బాధైతుంది. నీ భుజం ఎట్లున్నది ఇప్పుడు?"

అతని మొహంలో నవ్వు అలాగే ఉంది. కళ్లు మాత్రం మారాయి. కోచ్‌లు అడిగినప్పుడు మేం చూసే చూపు అది. జాగ్రత్తగా, ఏమీ లేనట్టు. పదకొండేళ్లలో అతను నన్ను అలా చూడటం అదే మొదటిసారి.

"నా భుజానికేమైందన్నా? ఏం గాలే. ఎన్నడు ఏం గాలే."

"తమ్మీ, నేను..."

"ఇగో, చూడు" అని వంగి పాపను కుడిచేత్తో ఒడిసిపట్టుకుని, ఆ ఒక్క చేత్తోనే తల పైకి ఎత్తాడు. పాప కిలకిలా నవ్వింది. అతని పెదాల చుట్టూ రంగు పోయింది. అతని భార్య వంటింటి గుమ్మంలో చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడిపోయింది.

"చాలు, దించు" అన్నాను.

"గోవా క్లబ్బోళ్లు నీకు ఫోన్ జేస్తరేమో, క్యాప్టెన్‌వని. గిట్ల ఎత్తిండని జెప్పు."

"చెప్త. దించు తమ్మీ, నేను నమ్మిన."

అతను దించలేదు.